స్టైన్‌హాల్ట్ వారి తెలుపు

రేపల్లె పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ సుగుణమ్మ గారింటికి స్టైన్‌హాల్ట్ కంపెనీ వారి కొత్త వాషింగ్ మిషను వేంచేసింది. దాన్ని తెనాలి నుంచి ట్రాలీ ఆటోలో పడేసి తెచ్చారని గిట్టనివాళ్లు అంటారు గానీ, ముందు ఆమె భర్త లూకా గారు స్కూటరు మీద దారి చూపిస్తూ, వెనక ఇద్దరు బంధువులు మోటారు సైకిళ్ల మీద కాపలా కాస్తూ వచ్చిన దాన్ని ఊరేగింపు అనడమే న్యాయం. దారిలో రైలు గేటు పడింది. గేటు దగ్గర ఆగిన జనమంతా అట్టపెట్టె మీద పేరు చదవబోయారు. ఎవరికీ నోరు తిరగలేదు. నోరు తిరగని పేరున్న వస్తువు మంచిదై తీరుతుందని మన ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి, గేటు లేచేలోపే దాని ఘనత ఊళ్లోకి వెళ్లిపోయింది.

ఇంతకు ముందు ఆ ఇంట్లో ఉన్నది కూడా స్టైన్‌హాల్టే. అది చాలా అనాగరికమైన మిషను. మూత తీస్తే గంగాళం నిండా నీళ్లు, నీళ్ల మధ్య రోకలంత స్తంభం. ఆ స్తంభం బట్టల్ని పట్టుకుని అటొకసారి ఇటొకసారి మెలిపెట్టి, అవి మురికంతా ఒప్పుకునేదాకా వదిలేది కాదు. పాట పాడేది కాదు. ఫోనుతో మాట్లాడేది కాదు. రైసుమిల్లులా మోగుతూ స్నానాల గదిలో బయల్దేరి వరండా దాకా నడిచొచ్చేది. ఉతకడం అయిపోయాక లూకా గారు దాన్ని మళ్లీ లోపలికి నెట్టేవారు. ఇంటిపనిలో ఆయన వాటా అది. అందులోంచి వచ్చిన తెల్లబట్టలను ఎండలో చూడాలంటే మాత్రం కళ్లు చికిలించాల్సి వచ్చేది. అలా ఏళ్ల తరబడి ఉతికి ఉతికి, ఒక శనివారం వరండాకు వచ్చే దారిలో ఆగిపోయింది. విడిభాగాల కోసం కంపెనీకి ఫోను చేస్తే, అలాంటి మిషను తాము ఎన్నడూ తయారు చేయలేదనీ, చేసి ఉంటే ఇంతకాలం పనిచేసి ఉండేది కాదనీ మర్యాదగా చెప్పారు.

మిషను పోతే బాధపడటం మామూలే గానీ, సుగుణమ్మకు గుండె ఆగినంత పనైంది. కారణం చెప్పాలి. లూథరన్ చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డలు ఉతికే భాగ్యం ఆమె అత్తగారు మార్తమ్మ గారి కాలం నుంచీ ఆ ఇంటిదే. శనివారం మూట వస్తుంది, ఆదివారం పొద్దున్నే గంజి మడతలతో తిరిగి వెళుతుంది. ఈ ఉద్యోగానికి జీతం లేదు, బిరుదు లేదు. కానీ స్త్రీల సమాజంలో ముందు వరస కుర్చీ ఎవరిదో, క్రిస్మస్ కేకు మొదట ఎవరి చేత కోయించాలో, పెళ్లిచూపుల్లో ఫలానావారి ఇల్లు మంచిదని ఎవరు చెబితే నమ్మాలో తేల్చేది ఆ మూటే. ఏటా చర్చి వార్షికోత్సవం నాడు, ఈ బాధ్యతను మళ్లీ అదే ఇంటికి అప్పగిస్తున్నట్టు సమాజం వారు ప్రకటిస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. అందరికన్నా గట్టిగా ఎదురింటి ఫ్లోరెన్స్ కొడుతుంది. ఆ మూట మీద ఫ్లోరెన్స్‌కు ఎప్పటినుంచో కన్నుంది కనుక గట్టిగా కొట్టక ఆమెకు తప్పదు. మార్తమ్మ గారు పోయేముందు కోడలి చెయ్యి పట్టుకుని నగల సంగతి చెప్పలేదు, పొలం సంగతి చెప్పలేదు. "గుడ్డలు జాగ్రత్తమ్మా" అంది, అంతే.

అందువల్ల దంపతులిద్దరూ మరుసటి సోమవారమే రైలెక్కి తెనాలి వెళ్లారు. అక్కడి షోరూములో నాలుగు కంపెనీల మిషన్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. సుగుణమ్మ సైన్సు టీచరుగా ఉద్యోగంలో చేరిన మనిషి. నాలుగింటి మూతలూ తీసి చూసింది. నాలుగింటికీ అదే గాజు మూత, అదే మీట, అదే చోట అదే స్క్రూ. చివరికి తొట్టి అంచున అచ్చు వేసేటప్పుడు పడిన చిన్న సొట్ట కూడా నాలుగింటికీ ఒకే చోట ఉంది. ఏ ఒక్కదాని మధ్యలోనూ స్తంభం లేదు.

"బాబూ, ఇవన్నీ ఒకటే మిషను కదయ్యా" అంది.

సేల్స్ చూసే కుర్రాడు జయకృష్ణ నొచ్చుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక ఉపన్యాసం ఇచ్చాడు. "మేడమ్, ఈ మూడూ బట్టలు ఉతుక్కునేవాళ్ల కోసమండి. ఇది స్టైన్‌హాల్ట్ వాడేవాళ్ల కోసమండి. జర్మనీలో ఆ కుటుంబం వాళ్లు పేరుని హాంకాంగ్ వాళ్లకి అమ్మేశారండి. హాంకాంగ్ వాళ్లు దాన్ని ఇక్కడి కంపెనీకి అద్దెకిచ్చారండి. ఇక్కడి కంపెనీ వాళ్లు వేరే ఫ్యాక్టరీలో చేయిస్తారండి. ఆ ఫ్యాక్టరీవాళ్లే మిగతా మూడూ కూడా చేస్తారు, అది నిజమేనండి. కానీ పేరు మాత్రం ఒరిజినల్ అండి. పేరు విషయంలో కంపెనీ ఎక్కడా రాజీపడలేదు."

లూకా గారి కళ్లు చెమర్చాయి. ఆయన తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఇన్ని చేతులు మారినా పేరు చెడకుండా వచ్చిన వస్తువును ఆయన సర్వీసులో చూడలేదు. మిషను ముందుభాగాన వెండిరంగులో మెరుస్తున్న అక్షరాలను వేలితో నెమ్మదిగా నిమిరారు. "సుగుణా, ఇదే తీసుకుందాం. మిగతావాటికి వంశం లేదు" అన్నారు. మిగతా మూడింటి కన్నా ఆ అక్షరాలకు ఎంత ఎక్కువ పడిందో ఇక్కడ చెప్పడం సభ్యత కాదు.

ఇల్లు చేరిన మిషనును స్నానాల గదిలో పెట్టాలనే ఆలోచన ఎవరికీ రాలేదు. ముందు గదిలో, పెళ్లిఫోటో కింద, చక్రాల బల్ల మీద నిలబెట్టారు. నరసాపురం లేసుతో అల్లిన కవరు కప్పారు. వెండి అక్షరాలు కనిపించేందుకు కవరుకు అక్కడ కిటికీ కత్తిరించారు. మన విశ్వాసుల ఇళ్లలో కొత్త వస్తువు ఏది వచ్చినా, అది స్కూటరైనా గ్రైండరైనా, అయ్యగారిని పిలిచి కృతజ్ఞతా ప్రార్థన చేయించాకే వాడాలన్నది తెలిసిన విషయమే. గురువారం సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. వీధి అంతా వచ్చింది. పులిహోర, కేకు, టీ. అయ్యగారు గాజు మూత మీద చెయ్యి ఉంచి, ఈ యంత్రం ఈ కుటుంబానికి మేలుకరముగా ఉండును గాక అని సుదీర్ఘంగా ప్రార్థించారు. ఆ తర్వాత సుగుణమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. ఈ స్టైన్‌హాల్ట్ తమ ఇంటికి ఎంత ఆశీర్వాదకరంగా ఉందో, తెల్లబట్టలు ఎంత మంచుముద్దల్లా వస్తున్నాయో, బడిలో ప్రార్థన చెప్పించే గొంతుతో వివరించింది. అప్పటికి మిషనులో జేబురుమాలు కూడా వేయలేదు. వేసి చూసి సాక్ష్యం చెప్పడం విశ్వాసం చాలనివాళ్ల పద్ధతి.

ఆ సాక్ష్యం ఫలించింది. ముందుగా ఫ్లోరెన్స్ కొన్నది. సుగుణమ్మ ఇంట్లో ఉన్నది తనింట్లో లేకపోతే ఫ్లోరెన్స్‌కు నిద్ర పట్టదు. ఫ్లోరెన్స్ కొన్నాక ఇక మిగతావాళ్లు ఆగడానికి కారణం లేదు. వేసవి వచ్చేసరికి ఆ వీధిలో స్టైన్‌హాల్ట్ లేని ఇల్లు లేదు. ప్రతి మిషనుకూ ప్రార్థన జరిగింది, ప్రతి ప్రార్థనలోనూ సాక్ష్యం జరిగింది, ప్రతి సాక్ష్యంలోనూ మొదట నమ్మకం కలిగించిన సుగుణమ్మ గారి పేరు వచ్చింది.

ఇంతకీ మొదటి ఉతుకు సంగతి. ప్రార్థన జరిగిన రెండు రోజులకు, శనివారం, మూట వచ్చింది. సుగుణమ్మ గుడ్డలను మిషనులో వేసి మీట నొక్కింది. మూతకు తాళం పడింది. మిషను ముందుగా గుడ్డలను తూచింది. తర్వాత ఆలోచించింది. చాలాసేపు ఆలోచించి, తులసిమొక్కకు పోసినన్ని నీళ్లు పోసుకుంది. గుడ్డలను ఒకసారి కుడికి జరిపి చూసింది, నచ్చలేదు కాబోలు, ఎడమకు జరిపింది. మళ్లీ ఆలోచనలో పడింది. ఇంకా పది నిమిషాలు అని అంకెలు వెలిగాయి. సుగుణమ్మ వెళ్లి అన్నం వార్చి వచ్చేసరికి కూడా ఇంకా పది నిమిషాలే ఉంది. కూర దించి వచ్చినా అంతే. మిషనుకు తన సమయం తనకుందని ఆమెకు అర్థమైంది. చివరికి అది వీధంతా వినపడేలా ఒక పాట వాయించింది. బ్యాండు మేళం వాళ్లు పెళ్లికొడుకు దిగగానే వాయించే ధోరణిలో ఉంది పాట. అదే క్షణంలో లూకా గారి ఫోనులో కబురు వచ్చింది: "అభినందనలు. మీ దుస్తులు ఇప్పుడు ఆనందంగా ఉన్నాయి."

సుగుణమ్మ మూత తీసింది. గుడ్డలు నిజంగానే ఆనందంగా ఉన్నాయి. పోయిన ఆదివారం గిన్నె ఒలికి పడిన ద్రాక్షరసం మరక ఎక్కడున్నది అక్కడే, చెక్కుచెదరకుండా, పైగా కొంచెం మల్లెపూల వాసనతో ఉంది.

"ఏవండీ, మరక పోలేదు" అంది.

లూకా గారు ఫోను చూపించారు. "పోయిందని మెసేజి వచ్చింది కదా."

"గుడ్డ చూడండి."

"గుడ్డకేం తెలుసు" అన్నారాయన. అని, కంపెనీవారు అడిగిన అభిప్రాయానికి ఐదు నక్షత్రాలూ నొక్కేశారు.

జిల్లా కేంద్రం బాపట్ల కాబట్టి కంపెనీవారి సర్వీసు సెంటరు కూడా అక్కడే ఉండటం సముచితం. ఫోను మీద ఫోను చేయగా, పెట్టెలో దాచిన పాత జతలతో సుగుణమ్మ ఆదివారాలు నెట్టుకొస్తుండగా, కొన్నాళ్లకు ఒక శనివారం ప్రేమ్ కుమార్ అనే నిపుణుడు చెరుకుపల్లి మీదుగా మోటారు సైకిలు మీద వచ్చాడు. అతని చేతిలో పానా లేదు, స్క్రూడ్రైవరు లేదు. టై ఉంది. మిషనును ముందు నుంచి ఒక ఫోటో, పక్క నుంచి ఒక ఫోటో తీశాడు. మరక చూపిస్తే దాన్ని కూడా తీశాడు.

"మిషనులో ఏ ప్రాబ్లమూ లేదండి. మీ ఊరి నీళ్లు ఉప్పగా ఉంటాయండి."

"పాతదానికీ ఇవే నీళ్లు బాబూ."

"పాతది ఉతికేదండి. ఇది కేర్ తీసుకుంటుంది. రెండూ వేరండి అమ్మా." ప్రేమ్ కుమార్ ఓపికగా చెప్పాడు. "మీరేం చేస్తారంటే, ముందు బట్టలు సబ్బునీళ్లలో నానబెట్టండి. మరకలు, కాలర్లు చేత్తో రుద్దేయండి. నాలుగు బాదులు బాది, రెండు నీళ్లలో జాడించి, పిండేసి అప్పుడు మిషనులో వేయండి. రిజల్టు చూడండి ఎలా ఉంటుందో."

సుగుణమ్మ ఇరవైమంది టీచర్ల చేత పని చేయించిన మనిషి. ఎదుటివాడు అమాయకుడో, గడుసువాడో మొహం చూసి చెప్పగలదు. ఈ పిల్లవాడి మొహంలో ఏదీ కనపడలేదు. కంపెనీవారు ఇచ్చిన మాట కంపెనీవారు ఇచ్చినట్టే అప్పగించి, టీ తాగి, లూకా గారి చేత ఇంకో ఐదు నక్షత్రాలు నొక్కించుకుని వెళ్లిపోయాడు.

ఆమె ఒంటరిగా కూర్చుని ఆలోచించింది. మిషను ఉతకదని చెబుదామా అంటే, అయ్యగారు చెయ్యి ఉంచి ప్రార్థించిన వస్తువు. తాను నిలబడి సాక్ష్యం చెప్పిన వస్తువు. తనను నమ్మి వీధి వీధే కొన్న వస్తువు. చెప్పకుండా ఊరుకుందామా అంటే, ఆ బూడిదరంగు గుడ్డలు బల్ల మీద పరిచిన ఆదివారమే మూట రోడ్డు దాటి ఫ్లోరెన్స్ ఇంటికి పోతుంది. మార్తమ్మ గారి మాట గుర్తొచ్చి ఆమెకు భయం వేసింది. లేచి పెరట్లోకి వెళ్లింది.

పెరట్లో బావి పక్కన అత్తగారి కాలంనాటి బండ ఉంది. కొన్నేళ్లుగా దాని మీద లూకా గారు చెప్పులు ఆరబెట్టుకుంటున్నారు. సుగుణమ్మ చెప్పులు తీసి పక్కన పెట్టింది, బండ కడిగింది, చీర కుచ్చెళ్లు ఎగదోపి గుడ్డలు బాదడం మొదలుపెట్టింది. బార్ సబ్బు, వేణ్నీళ్లు, నిమ్మచెక్క, చివర్న రెండు చుక్కల నీలిమందు. చప్పుడు వీధిలోకి పోకుండా ముందు గదిలో మిషనును ఖాళీగా తిప్పి వచ్చింది. మిషను తిరిగినంతసేపూ బాదింది. అది పాట అందుకునేసరికి గుడ్డలు తాడు మీద ఉన్నాయి. మర్నాడు చర్చిలో బల్ల మెరిసిపోయింది. "స్టైన్‌హాల్ట్ అంటే స్టైన్‌హాల్టే వదినా" అంది ఫ్లోరెన్స్. లూకా గారు తెల్లచొక్కా కాలరు సవరించుకుని తలపంకించారు.

అప్పటినుంచి ఆ వీధి శనివారాలు చూసి తీరవలసినవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కో ఇంట్లో మిషను మొదలయ్యేది. ఒక ఇంట్లో పాట ముగుస్తుండగా పక్కింట్లో అందుకునేది. ఆదివారం ఆడవాళ్లంతా తెల్లచీరల్లో చర్చికి వెళుతుంటే, పక్క వీధుల హిందువులు కూడా గుమ్మాల్లోకి వచ్చి నిలబడి చూసేవారు. ఏ మిషను అని అడిగేవారు. చెబితే నోరు తిరగక, రాయించుకుని వెళ్లేవారు. సుగుణమ్మకు వేళ్ల సందులు ఒరిసి పుళ్లు పడ్డాయి. భుజం పట్టేసింది. రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకుని, తనొక్కతే ఊరందరినీ మోసం చేస్తున్నానని కుమిలిపోయేది. అందరి మిషన్లూ ఉతుకుతున్నాయి, తనదే ఉతకడం లేదు. తన విశ్వాసంలోనే ఏదో లోపం ఉండి ఉండాలి.

చర్చి వార్షికోత్సవం ముందురోజు శనివారం. వీధి మొత్తం మిషన్లు తిరుగుతున్నాయి. ఎండ మండిపోతోంది. సుగుణమ్మ పెరట్లో బల్లగుడ్డ చేతికి చుట్టుకుని బాదుతోంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది.

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆమె ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆపేసింది. బాదుడు మాత్రం ఆగలేదు.

ఎడమ పక్కింటి పెరట్లోంచి ధబ్ ధబ్. కుడి పక్కింటి డాబా మీంచి ధబ్ ధబ్. వెనకింట్లో ఎవరో ఉఫ్ ఉఫ్ అనుకుంటూ మరీ బాదుతున్నారు. రోడ్డుకు అవతల ఫ్లోరెన్స్ ఇంట్లోంచి గచ్చు మీద తడిగుడ్డ పడుతున్న చప్పుడు. ఎండాకాలం మధ్యాహ్నం రేపల్లెలో కరెంటు పోవడం కొత్త కాదు గానీ, అంతటి నిశ్శబ్దంలో అన్ని చప్పుళ్లు వినడం ఆ వీధికి అదే మొదలు. కాసేపటికి తమ చప్పుడు తమకే వినపడిందో ఏమో, ఒక ఇల్లు ఆగింది. తర్వాత ఇంకోటి. చివరికి వీధంతా ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. కరెంటు వచ్చింది. మిషన్లు హాయిగా తిరగడం మొదలుపెట్టాయి. వాటి చాటున బాదుళ్లు కూడా మొదలయ్యాయి.

సుగుణమ్మ బండ మీద కూలబడి నవ్వింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇన్నాళ్ల బరువు ఒక్కసారి దిగింది. అందరికీ తెలిసిన అబద్ధాన్ని ఇంక ఎవరో ఒకరు చెప్పేస్తే చాలు, వీధి మొత్తానికి భుజాల నొప్పి తగ్గుతుంది, ఎవరి బండ మీద వాళ్లు దర్జాగా ఉతుక్కోవచ్చు అనుకుంది. మొదట సాక్ష్యం చెప్పింది తానే కనుక, ఇదీ తానే చెప్పాలని నిర్ణయించుకుంది. హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం చేసినవారు నిజమనేదానికి ఇలాంటి శక్తి ఉంటుందని నమ్మడం సహజం.

వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా స్టైన్‌హాల్ట్ కంపెనీ ఏరియా మేనేజరు బసవేశ్వరరావు గారు విచ్చేశారు. దేశంలో ఎక్కడా లేనన్ని నక్షత్రాలు ఈ వీధి నుంచి వచ్చినందున, దీన్ని "స్టైన్‌హాల్ట్ ఆదర్శ వీధి"గా ప్రకటిస్తూ పెద్ద బోర్డు తెచ్చారు. ఆయన సభనుద్దేశించి ప్రసంగించారు. "ఇంత తక్కువ నీళ్లతో ఇంత తెలుపు ఎలా సాధ్యమైందని మా ఇంజనీర్లే ఆశ్చర్యపోతున్నారు. మీరిచ్చిన ఉత్సాహంతో త్వరలో నీళ్ల పైపు అవసరమే లేని మోడలు తెస్తున్నాం. దాంట్లో పాట కూడా పెద్దదిగా ఉంటుంది." చప్పట్లు మోగాయి. మొదటి వినియోగదారు సుగుణమ్మ గారిని రెండు మాటలు చెప్పమన్నారు.

సుగుణమ్మ లేచి మైకు అందుకుంది. వరసల్లో కూర్చున్న తెల్లచీరల వంక చూసింది. ఒడిలో పెట్టుకున్న చేతుల వంక చూసింది. అన్నీ ఎర్రగా ఒరిసిపోయి, గోళ్లు నానిపోయి ఉన్నాయి. ఆమెకు వాళ్లందరి మీదా ప్రేమ పొంగుకొచ్చింది.

"అయ్యగారూ, ఈ మిషను ఉతకదండి" అంది. "ఉతక్కముందే నేను సాక్ష్యం చెప్పాను. తప్పు నాదే. ఈ గుడ్డలు నేను బండ మీద ఉతుకుతున్నాను. మీరందరూ అంతేనని నిన్న కరెంటు పోయినప్పుడు విన్నాను. ఇక దాచుకోవద్దమ్మా. మనల్ని మోసం చేసిందెవరో వాళ్లనే అడుగుదాం."

చర్చిలో ఒక చిన్న కదలిక వచ్చింది. ముందు వరస నుంచి వెనక వరస దాకా, ఆడవాళ్లంతా చేతులు పైటచెంగుల కిందకి లాక్కున్నారు.

ఫ్లోరెన్స్ లేచింది. "మా మిషను బాగానే ఉతుకుతుందండి అయ్యగారూ. నిన్న చప్పుడంటారా, మేం పరుపు దులుపుతున్నాం."

"మేం కొబ్బరి పీచు కొట్టాం" అంది పక్కావిడ.

"మాది మటన్ అండి. ముదురుది" అంది ఇంకొకావిడ.

బసవేశ్వరరావు గారు సానుభూతిగా తల ఊపారు. వస్తువులో లోపం లేదని వినియోగదారులే చెబుతున్నారు కనుక, లోపం ఎక్కడుందో వేరే చెప్పనక్కర్లేదని, అటువంటివారి కోసం కంపెనీ ఉచిత శిక్షణ ఇస్తుందని అన్నారు. అందరూ లూకా గారి వైపు తిరిగారు. ఆయన లేచి నిలబడ్డారు. ఆమె చేతుల్లో ఉతకబడి, నీలిమందు పెట్టబడి, గంజి పెట్టబడిన ఆయన చొక్కా ధగధగలాడింది.

"మా ఆవిడ పాతకాలం మనిషండి" అన్నారు లూకా గారు వినయంగా. "తనకి మిషను వాడటం రాదు."

ఆ మాట సుగుణమ్మకు తగలాల్సిన చోట తగిలింది. మైకు బల్ల మీద పెట్టి వచ్చి కూర్చుంది. స్త్రీల సమాజం వారు అక్కడికక్కడే సమావేశమై, సుగుణమ్మ గారి సుదీర్ఘ సేవలను కొనియాడుతూ, ఆధునిక యంత్రం అందుబాటులో ఉండగా ప్రభువు బల్ల గుడ్డలను చెప్పులు ఆరబెట్టుకునే బండ మీద బాదడం మర్యాద కాదని విచారం వెలిబుచ్చుతూ, ఇకపై ఆ బాధ్యతను ఫ్లోరెన్స్ గారికి అప్పగించారు. చప్పట్లు కొట్టారు. ఈసారి సుగుణమ్మ కూడా కొట్టింది. వేళ్ల సందుల్లో పుళ్లు మండాయి.

ఆ మరుసటి శనివారం మధ్యాహ్నం వీధిలో మిషన్లు తిరుగుతుండగా, సుగుణమ్మ పెరటి తలుపు ఎవరో నెమ్మదిగా తట్టారు. తీస్తే ఫ్లోరెన్స్. చంకలో మూట. మొహం వాడిపోయి ఉంది. ఫ్లోరెన్స్ ఇంటి పెరడంతా మొన్ననే టైల్సు పరిపించారు. టైల్సు మీద బాదితే జారిపోతుంది. గచ్చు మీద బాదితే గుడ్డకు చిరుగు పట్టింది.

"వదినా" అంది ఫ్లోరెన్స్ నేల చూస్తూ. "మీ బండ ఒక్కసారి..."

తలుపు మొహం మీద వేసేద్దామనే అనుకుంది సుగుణమ్మ. వేసినా తప్పు పట్టేవాళ్లు లేరు. కానీ మూట ముడి విడిపోయి గుడ్డ కొస బయటికి వచ్చి ఉంది. కొసన మార్తమ్మ గారు తెల్లదారంతో కుట్టిన చిన్న సిలువ. దాని పక్కనే మళ్లీ ద్రాక్షరసం మరక, మల్లెపూల వాసనతో.

"నీకు చేతకాదు గానీ ఇటివ్వు" అంది.

అంతలో రోడ్డవతల ఫ్లోరెన్స్ మిషను పాట అందుకుంది. "అయ్యో వదినా, అయిపోయింది. వెళ్లి మూత తీయాలి, లేకపోతే మోగుతూనే ఉంటుంది" అని ఫ్లోరెన్స్ పరుగెత్తింది. సుగుణమ్మ కొంగు దోపింది.

మర్నాడు బల్ల మీది గుడ్డలు చూసి సంఘమంతా ముగ్ధులయ్యారు. మిషను వాడటం వచ్చినవాళ్ల చేతిలో పడితే ఎలా ఉంటుందో చూశారా అన్నారు. ఈ ఏర్పాటు నేటికీ ప్రతి శనివారం నడుస్తోంది. పేరు ఫ్లోరెన్స్‌ది, పాట స్టైన్‌హాల్ట్‌ది, బండ మార్తమ్మది, చేతులు సుగుణమ్మవి. తెనాలి షోరూములో జయకృష్ణ చెప్పిన కంపెనీ చరిత్ర కూడా దాదాపు ఇదే కనుక ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. పైపు లేని మోడలుకు బుకింగులు మొదలైన రోజున లూకా గారే అందరికన్నా ముందు నిలబడ్డారని, ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా ఫోటోనే కంపెనీవారు బాపట్ల బస్టాండులో పెద్దగా వేయించారని తెలుపుటకు సంతోషిస్తున్నాము.

పాఠక మహాశయులు కూడా తమ ఒంటి మీది తెలుపు ఏ కంపెనీదో ఇప్పుడే గర్వంగా చెప్పవచ్చు. చెప్పేముందు మాత్రం ఒక్కసారి లేచి, మీ ఇంటి వెనక్కి వెళ్లి, అక్కడ ఉన్నవారి చేతులు చూసి రండి. మాకు తొందరేమీ లేదు.